గుమ్మం ఎవరిదో తెలిస్తేనే చెప్పులు విప్పుతారు

ఆదివారం పొద్దున్న వంజంగి కొండ మీద మబ్బుల సముద్రాన్ని అందరూ చూస్తారు. సోమవారం పొద్దున్న అదే కొండ ఎక్కితే ఏం కనబడుతుందో పాడేరు చుట్టుపక్కల వాళ్లకే తెలుసు. పగిలిన బీరు సీసాలు, నూడుల్స్ కప్పులు, నీళ్ల సీసాలు, పిల్లల డైపర్లు, చలిమంటలో సగం కాలి ముద్దకట్టిన ప్లాస్టిక్ కవర్లు. టూరిస్టు మబ్బుల ఫొటో పట్టుకుని ఇంటికెళ్లిపోయాడు. అతను వదిలేసిన గాజు పెంకుల మీద చెప్పుల్లేని కాళ్లతో కట్టెలకి వెళ్లేది మన అమ్మ. ఆ కవర్లు మేసేది మన ఆవు. నాలుగు చినుకులు పడితే ఆ చెత్తంతా దిగేది మనం తాగే గెడ్డలోకి.

వంజంగి అన్న చోట లంబసింగి అని రాసుకోండి. చాపరాయి అని రాసుకోండి. మారేడుమిల్లి అని రాసుకోండి. కథ మారదు.

ప్రతి చలికాలం దీనికి పెద్దలు ఒకే మందు రాస్తున్నారు. దాని పేరు "అవగాహన". కొండ కింద ఒక కొత్త బోర్డు పెడతారు. కాలేజీ పిల్లల్ని తీసుకొచ్చి ఒక పూట చెత్త ఏరిస్తారు. చెత్త ఏరేది మన పిల్లలు, ఫొటోలో మధ్యన నిలబడేది సారు. మళ్లీ ఆదివారం వస్తుంది. కొండ మళ్లీ మామూలే. అప్పుడు అందరూ కలిసి ఒక నిట్టూర్పు విడుస్తారు, "జనంలో మార్పు రావాలండీ" అని.

ఈ మాట వినీ వినీ చెవులు గడ్డకట్టాయి. అందుకే ఈ వ్యాసం. టూరిస్టుకి అవగాహన లేదన్నది అబద్ధం. అతనికి అన్నీ తెలుసు. కావాలంటే అతన్ని తిరుమలలో చూడండి.

అదే మనిషి, అదే కారు, అదే కుటుంబం. అలిపిరి దగ్గర కారు ఆపి డిక్కీ తెరిచి చూస్తే నోరెత్తడు. మందు సీసా, సిగరెట్టు పెట్టె ఇంటి దగ్గరే వదిలేసి వస్తాడు. కొండ మీద గాజు సీసాలో నీళ్లు కొని, తాగి, సీసా తిరిగిచ్చి డిపాజిట్ వెనక్కి తీసుకుంటాడు. గుళ్లోకి ఫోను తేవద్దంటే తేడు. గంటలకి గంటలు క్యూలో నిలబడతాడు. ఆ మనిషికే వారం తిరిగేసరికి లంబసింగిలో రోడ్డు మధ్యన కారాపి, డోరు తెరిచి, పాటలు పెట్టి, సీసా పగలగొట్టే ధైర్యం ఎక్కడినుంచి వచ్చింది? వారంలో అతని చదువు తగ్గిపోలేదు, సంస్కారం కరిగిపోలేదు.

మారింది ఒక్కటే. అక్కడ ఆ చోటికి ఒక యజమాని ఉన్నాడని అతనికి తెలుసు. ఒక పద్ధతి ఉందని తెలుసు, తప్పితే అడిగేవాడున్నాడని తెలుసు, చుట్టూ ఉన్న వేలమంది ఆ పద్ధతి పాటిస్తున్నారని కళ్లారా చూస్తున్నాడు. ఇక్కడేమో ఇది ఎవరిదీ కాని చోటనుకుంటున్నాడు. మన కొండకీ దేవుడున్నాడు. చెట్టు కింద రాయికి మొక్కే మనకి గోపురం లేదు, హుండీ లేదు, మైకు లేదు. అందుకని మన దేవుడు అతని కంటికి ఆనలేదు. దేవుడే ఆనని కంటికి మనం ఎలా ఆనుతాం?

ఇది ఎవరిదీ కాని చోటని అతనికి చెప్పిందెవరు? ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి ఎవరికీ ఇష్టం ఉండదు. చెప్పింది పర్యాటక ప్రకటనలు. అరకుకి "ఆంధ్రా ఊటీ" అని పేరు పెట్టారు. లంబసింగికి "ఆంధ్రా కాశ్మీర్" అని పేరు పెట్టారు. మన ఊరికి మన పేరు చాలదా? "ప్రకృతి ఒడి", "ఎవరూ తాకని అందాలు" అంటారు. ఎవరూ తాకకపోవడమేంటి? ఆ లోయలో రాగులూ సామలూ పండించిన చేతులు ఎవరివి? ఆ కాఫీ మొక్కలకి నీడ చెట్లు కాపాడింది ఎవరు? పోస్టర్లో కొండ ఉంటుంది, పొగమంచు ఉంటుంది, గుడారం ఉంటుంది. మనిషి ఉండడు. ఉంటే థింసా ఆడే వరసలో ముస్తాబై ఉంటుంది ఒక అక్క, చూసే వస్తువులాగా. ఇంటివాళ్లని చెరిపేసి ఇల్లు అమ్మినవాళ్లు, వచ్చినవాడు ఇంట్లో చెప్పులతో తిరుగుతున్నాడని ఇప్పుడు బాధపడుతున్నారు.

మన దగ్గరే ఒక చిన్న నిదర్శనం ఉంది. అరకు దారిలో వలిసె పూల చేలు చూడండి. నవంబరు, డిసెంబరు వచ్చేసరికి కొండవాలు పసుపు పరిచినట్టుంటుంది. మొదట్లో ఏం జరిగింది? కార్లు దిగి చేలో పడి తొక్కారు. నూనె గింజల కోసం వేసుకున్న పంట అది. ఒక ఫొటోకి పది మొక్కలు పోయాయి. రైతు దూరం నుంచి చూసి ఊరుకున్నాడు. తర్వాత రైతులు గట్టు మీదికి వచ్చి నిలబడ్డారు. తాడు కట్టారు, దారి వేశారు, మంచె కట్టారు, తలకి పదో ఇరవయ్యో పెట్టారు. ఇప్పుడు అదే టూరిస్టు డబ్బిచ్చి, దారిలోంచి నడిచి, "ఇక్కడ నిలబడొచ్చా అండీ?" అని అడుగుతున్నాడు. వలిసె పువ్వు గొప్పతనం గురించి అతనికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. చేనుకి రైతు ఉన్నాడని తెలిసింది, అంతే. "అండీ" అన్న రెండక్షరాలు పుట్టింది అక్కడే.

ఇంత చిన్న సంగతిలో నాలుగు పాఠాలున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: పక్కవాడు ఏం చేస్తే మనిషి అదే చేస్తాడు.

అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో, రాయిగా మారిపోయిన పురాతన చెట్ల పార్కు ఒకటి ఉంది. వచ్చినవాళ్లు ఆ ముక్కలు జేబులో వేసుకుపోతుంటే, రాబర్ట్ సియాల్డిని అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం అక్కడ ఒక ప్రయోగం చేసింది. ఒక బోర్డు మీద, ఇప్పటికే చాలామంది ముక్కలు ఎత్తుకుపోయారు, పార్కు పాడైపోతోంది అన్న అర్థంలో రాశారు. ఇంకో బోర్డు మీద దయచేసి తీయొద్దు అని మాత్రమే రాశారు. గుర్తు పెట్టి ఉంచిన ముక్కల్లో రెండో బోర్డు దగ్గర పోయినవి 2 శాతం లోపే. మొదటి బోర్డు దగ్గర దాదాపు 8 శాతం పోయాయి. దొంగతనం ఆపడానికి పెట్టిన బోర్డే దొంగతనం పెంచింది. ఎందుకంటే అది చదివినవాడికి లోపల వినబడింది ఏంటంటే, "ఓహో, అందరూ తీస్తున్నారన్నమాట."

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు మన పేజీలు ఒకసారి తిరగేసుకుందాం. "చూడండి మా కొండని ఎలా నాశనం చేస్తున్నారో" అని చెత్తకుప్పల ఫొటోలు మనం ఎన్ని పెట్టలేదు? కోపం న్యాయమైనదే. కానీ వచ్చే వారం కొండెక్కబోయేవాడికి అది ఏం చెబుతోంది? అక్కడ అందరూ పడేస్తారు, నువ్వూ పడేయొచ్చు అని. చెత్త ఫొటో అధికారికి పంపాలి, ఫిర్యాదుకి జత చేయాలి. టూరిస్టుకి మాత్రం శుభ్రంగా ఉన్న కొండనీ, సంచిలో చెత్త దించుకుపోతున్న టూరిస్టునీ చూపించాలి. ఇక్కడి పద్ధతి ఇది, అందరూ ఇలాగే చేస్తారు అని తెలియాలి. శుభ్రంగా ఉన్న చోట మొదటి కవరు పడేయడానికి చెయ్యి జంకుతుంది. పది కవర్లున్న చోట పదకొండోది దానంతటదే పడుతుంది. అందుకే శనివారం రాత్రికే కొండ శుభ్రంగా ఉండాలి. సోమవారం ఏరడం అన్నది శవానికి స్నానం చేయించడం లాంటిది.

రెండోది: బాధ్యతకి జేబులో ఒక కొస ఉండాలి.

తమిళనాడు నీలగిరుల్లో అడవిలో పడేసిన మందు సీసాలు గుచ్చుకుని ఏనుగులు, అడవి జంతువులు గాయపడుతున్నాయి. మద్రాసు హైకోర్టు గట్టిగా పట్టుకుంది. 2022 నుంచి అక్కడ ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకి 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ 10 తిరిగిచ్చే పద్ధతి పెట్టారు. తాగినవాడు తేకపోతే ఏరినవాడు తెస్తాడు. సీసా చెత్త కాకుండా పోయింది, పది రూపాయల నోటయింది. 2024 మే నుంచి ఊటీకి వెళ్లాలంటే ఈ-పాస్ తీసుకోవాలి, అదీ హైకోర్టు చెప్పిందే. "ఆంధ్రా ఊటీ" అని పేరు తెచ్చుకున్నారు కదా, ఊటీ నుంచి ఈ పద్ధతి ఎందుకు తెచ్చుకోలేదు? పేరు తేవడానికి ఖర్చు లేదు, పద్ధతి తేవడానికి మందు అమ్మకం మీద చెయ్యి వేయాలి. అందుకు.

మూడోది: ఎదురుగా మనిషి ఉండాలి, ఆ మనిషికి గొంతు ఉండాలి.

ఫొటోల సంగతే తీసుకోండి. సంతలో కూర్చుని చింతపండు అమ్ముకుంటున్న అవ్వ ముఖం మీదికి ఫోను పెడతారు. అడగరు. ముక్కుకి మూడు ముక్కెరలున్నాయని దగ్గరికి లాగి తీస్తారు. గెడ్డలో స్నానం చేస్తున్న ఆడపిల్లల మీద డ్రోన్ ఎగరేస్తారు. ఆ వీడియోకి పైన ఒక శీర్షిక, కింద సిగ్గులేని కామెంట్లు. బెంగళూరు మాల్‌లో కూర్చున్న ఒకామెని అడక్కుండా ఇలా తీస్తే చెంప పగిలేది. అది తీసినవాడికి బాగా తెలుసు.

ఇది ఎక్కడిదాకా పోతుందో అండమాన్ చూపించింది. జరవా ప్రజల అడవి మధ్యలోంచి వేసిన రోడ్డు మీద టూరిస్టుల కాన్వాయ్‌లు పోతుంటే, తిండి కోసం జరవా ఆడవాళ్లని నాట్యం చేయమంటున్న వీడియో 2012లో బయటికొచ్చి ప్రపంచం ముక్కున వేలేసుకుంది. జంతువుల సఫారీలాగా మనుషుల సఫారీ. "మేం అంత కాదు కదా" అంటారేమో. కారు అద్దం దించి, గూడెం పిల్లలకి చాక్లెట్లు విసిరి, వాళ్లు ఏరుకుంటుంటే వీడియో తీసేవాళ్లకి ఒకటే చెప్తా. మీరు అదే రోడ్డు మీద ఉన్నారు, కొంచెం వెనకాల ఉన్నారు.

దీనికి విరుగుడు గూడెం మనిషి పక్కన నడవడమే. మన కుర్రాడు గైడుగా ముందు నడిస్తే, "ఇక్కడ ఫొటో వద్దు సార్, ఇది మా దేవత చోటు" అంటే, నూటికి తొంభై మంది ఫోను జేబులో పెడతారు. బోర్డు మీద అక్షరంతో పోట్లాడొచ్చు. ఎదురుగా ఉన్న మనిషి కళ్లలోకి చూసి పోట్లాడటం కష్టం. నాగాలాండ్‌లో ఖొనోమా అనే అంగామీ నాగా ఊరుంది. వేట మానేసి 1998లో తమ అడవిని తామే అభయారణ్యంగా ప్రకటించుకున్నారు. వచ్చినవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకునేది ఊరు, దారి చూపేది ఊరివాళ్లు. అక్కడికి వెళ్లేవాళ్లు కూడా నగరాల నుంచి వచ్చిన మామూలు మనుషులే.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది: వద్దు అనే హక్కు.

ఆస్ట్రేలియాలో ఉలూరు అని ఎర్రటి పెద్ద కొండ. అక్కడి ఆదివాసులు అనంగు ప్రజలకి అది పవిత్రం. టూరిస్టులకి అది ఎక్కే కొండ. 1985 అక్టోబరు 26న ఆ భూమి అనంగులకి తిరిగి దక్కింది, అయినా కొండ ఎక్కడం ఆగలేదు. దయచేసి ఎక్కొద్దు, ఇది మా పవిత్ర స్థలం అని బోర్డు పెట్టి ఏళ్ల తరబడి బతిమాలారు. బతిమాలడం వల్ల ఏమీ కాలేదని నేను అనను. 1990లలో వచ్చినవాళ్లలో దాదాపు 74 శాతం ఎక్కేవారు, 2015కి అది 16 శాతానికి పడిపోయింది. తమ కథ తాము చెప్పుకున్నారు, విన్నవాళ్లు విన్నారు. కానీ మిగిలిన ఆ 16 శాతం ఎంత చెప్పినా వినేరకం కాదు. పార్కు బోర్డులో అనంగులదే మెజారిటీ. 2017 నవంబరులో ఆ బోర్డు ఎక్కడం మూసేయాలని తీర్మానించింది. 2019 అక్టోబరు 26న, భూమి తిరిగి దక్కిన రోజునే, మూసేసింది. చివరి రోజుల్లో ఏం జరిగిందో తెలుసా? ఇక ఎక్కనివ్వరని తెలిసి జనం క్యూ కట్టి ఎక్కారు. బతిమాలితే సిగ్గుపడనివాళ్లు గేటు పడితేనే ఆగారు.

ఈ కథలో మనకి కావాల్సిందంతా ఉంది. కథ చెప్పాలి, అది చాలామందిని మారుస్తుంది. మారనివాళ్ల కోసం అధికారం చేతిలో ఉండాలి. ఒట్టి కథ చెప్పేవాడిని గైడు అంటారు. అధికారం కూడా ఉన్నవాడిని ఇంటి యజమాని అంటారు.

మరి మన చేతిలో అధికారం ఉందా? ఉంది. కాగితం మీద ఉంది. తీసి వాడనందుకు అది బూజు పట్టింది.

రాజ్యాంగం 19వ అధికరణం దేశమంతా తిరిగే స్వేచ్ఛ పౌరులందరికీ ఇచ్చింది. అదే అధికరణంలో 5వ క్లాజు, షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల కోసం ఆ స్వేచ్ఛ మీద సహేతుకమైన పరిమితులు పెట్టొచ్చని చెప్పింది. "దేశంలో ఎక్కడికైనా పోతా, నువ్వెవరు అడగడానికి" అనేవాడికి ఇది చదివి వినిపించండి. 1996 పెసా చట్టం మన సంప్రదాయాల్నీ, ఉమ్మడి వనరుల్నీ కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకి ఉందని గుర్తించింది. మత్తు పదార్థాల అమ్మకం, వాడకం నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకీ పంచాయతీకీ ఉండేలా చూడమంది. ఆంధ్రప్రదేశ్‌లో దాని నియమాలు 2011లో వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంది. సామూహిక అటవీ వనరుల్లోకి ఎవరు రావాలి, ఎలా రావాలి అని గ్రామసభ తీర్మానించొచ్చు. అడవికి హాని చేసే పనిని ఆపొచ్చు. ఇవి మూడూ కలిపి చదివితే, కొండ మీద మందు వద్దు అని చెప్పాల్సింది టూరిజం బోర్డు కాదు, ఆ కొండ కింద గూడెం.

ఇక్కడే అసలు గొడవ. ఎవరికీ అభ్యంతరం లేని బాధ్యత ఒకటుంది, చెత్తబుట్టలో చెత్త వేయడం. దాని గురించి అందరూ మాట్లాడతారు. ఆ చెత్తబుట్ట ఎవరి భూమిలో ఉంది అని అడిగితే మాట మారుస్తారు. 1959 నాటి భూబదిలీ నిబంధనల్ని 1970లో సవరించి తెచ్చిన 1/70, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంది. అమ్మకమే కాదు, తాకట్టు, లీజు, బహుమతి కూడా కుదరవు. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్ల గనుల మీద నడిచిన సమతా కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని కూడా ఆ కట్టుబాటు కిందికే తెచ్చింది. ప్రభుత్వమైనా ఇక్కడి భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వడానికి లేదంది.

మరి ఈ రిసార్టులు, ఈ గుడారాలు, ఈ "క్యాంపులు" ఎవరివి? కాగితం మీద మన మనిషి పేరు. డబ్బు మైదానంది, లాభం మైదానంది. మన మనిషికి నెలకింత. తన సొంత భూమిలో తనే గేటు తీసే కాపలావాడు. చలిమంట పక్కన పగలగొట్టిన సీసా చిన్న నేరం. ఆ చలిమంట వేసిన భూమే పెద్ద నేరం. బాధ్యత గురించి మాట్లాడేవాళ్లు ముందు ఆ రిసార్టు గేటు దగ్గర నిలబడి మాట్లాడాలి.

2025 జనవరి ఆఖర్లో విశాఖలో పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. పర్యాటకం పెరగాలంటే ఏజెన్సీలో 1/70ని సవరించాలన్న మాట సాక్షాత్తూ శాసనసభ స్పీకర్ నోట వచ్చింది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ జరిగింది. చట్టం మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. అది మన బలం. కానీ ఆ మాట నోరు జారి వచ్చింది కాదని గుర్తుపెట్టుకుందాం. వచ్చి కవరు పడేసిపోయే టూరిస్టు ఒక రోజు చుట్టం. భూమి చూసుకోవడానికి వచ్చే పెట్టుబడిదారుడు వెళ్లని చుట్టం. రెండోవాడికి ఎర్ర తివాచీ పరిచి, మొదటివాడికి నీతులు చెబితే ఎవడు వింటాడు?

"పర్యాటకం వద్దంటే మీకు ఉపాధి ఎలా?" అని అడుగుతారు. పర్యాటకం వద్దని మనం అనలేదు. బొంగు చికెన్ అమ్మే అక్క, హోమ్‌స్టే పెట్టుకున్న బావ, కాఫీ పొడి అమ్మే తమ్ముడు, జీపు నడిపే అన్న, వీళ్లందరి పొయ్యి వెలగాలి. మనం అడుగుతున్నది లెక్క. టికెట్ డబ్బులో ఊరి వాటా ఎంత? పార్కింగ్ వేలం ఎవరు పాడారు? వ్యూపాయింటుకి రోడ్డు పడింది, ఆ పక్క కొండ మీద గూడేనికి ఎందుకు పడలేదు? నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చి రోడ్డెక్కిస్తే, ఆదివారం ఘాట్‌లో కార్ల వరసలో 108 ఇరుక్కుంటే, ఆ గంట ఎవరి ఖాతాలో రాయాలి?

బాధ్యత అన్న మాట మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండలు చూడ్డానికి వెళ్లిన బోటు మునిగింది. పెద్ద పెద్ద బలగాలు రావడానికి ముందు చిన్న పడవలేసుకుని వెళ్లి, కొట్టుకుపోతున్నవాళ్లని జుట్టు పట్టి లాగి ఒడ్డుకి చేర్చింది ఆ ఒడ్డునున్న ఊళ్లవాళ్లే. తడిసినవాళ్లకి తమ బట్టలిచ్చారు. ఎవరూ వాళ్లకి అవగాహన సదస్సు పెట్టలేదు. వచ్చినవాడి ప్రాణానికి మనం పూచీ పడతాం. మన గెడ్డకి వచ్చినవాడు పూచీ పడాలని అడగడం ఎక్కువా?

ఇప్పుడు మన ఇంటి సంగతి. చేదుగా ఉంటుంది, అయినా చెప్పుకోవాలి. బినామీకి సంతకం పెడుతున్నది మన చెయ్యే. కొండ దారిలో రాత్రి పూట రెట్టింపు ధరకి బీరు అమ్ముతున్నది మనవాళ్లే. "ఎవరికీ తెలియని జలపాతం" అని లొకేషన్‌తో సహా రీలు పెట్టి పదివేల వ్యూస్‌కి మురిసిపోయేది మన తమ్ముళ్లే. ఆ జలపాతం ఎవరికీ తెలియకపోవడమేంట్రా, మీ అమ్మమ్మ అక్కడే కదా నీళ్లు మోసింది! మూడు వారాల్లో అక్కడ కార్లు నిండితే, నాలుగో వారం చెత్త మీద ఏడుస్తూ ఇంకో రీలు. సంతలో కవరు మనం కూడా పడేస్తున్నాం. ఇంటివాడే గుమ్మంలో ఉమ్మితే చుట్టం చేతులు కట్టుకుని కూర్చోడు.

అందుకే చలికాలం మొదలవక ముందే, సీజన్ వచ్చి మీద పడక ముందే, ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టించండి. చదువుకున్నవాళ్లు మీరే తీర్మానం రాయండి. ఏం రాయాలి?

ఒకటి, కొండ మీద, గెడ్డ దగ్గర మందు, గాజు సీసా, డ్రోన్ నిషేధం. మనవాళ్లకీ అదే నియమం.

రెండు, కొండ కింద ఊరి చెక్‌పోస్టు. ప్లాస్టిక్ తెచ్చినవాళ్ల దగ్గర డిపాజిట్ తీసుకుని, లెక్క ప్రకారం ఖాళీ సీసాలు, కవర్లు వెనక్కి తెస్తేనే తిరిగివ్వడం. రోజుకి ఎంతమందిని ఎక్కనివ్వాలో ఊరు నిర్ణయించడం.

మూడు, ఊరి గైడు లేకుండా పైకి వెళ్లకూడదు. గైడుల్లో సగం ఆడపిల్లలు ఉండాలి. ఏ చోట ఫొటో తీయొచ్చు, ఏ చోట తీయకూడదు అన్నది పెద్దలూ పూజారీ చెబుతారు.

నాలుగు, పండగ రోజుల్లో, దేవత కొలుపు రోజుల్లో కొండ మూత. ఆ రోజుల్లో రావొద్దని చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

ఐదు, వచ్చిన డబ్బు ఊరి ఖాతాలో. ఖర్చు లెక్క గ్రామసభలో చదవాలి. ఊళ్లో ఏ రిసార్టు ఎవరి పెట్టుబడితో నడుస్తోందో ఆ జాబితా కూడా అదే సభలో చదవాలి.

సామూహిక అటవీ వనరుల హక్కుకి ఫారం-సి పెట్టని ఊళ్లు ముందు ఆ పని చేయండి. పత్రం చేతిలో ఉంటే మాటకి బరువు వస్తుంది. "మీకేం హక్కుంది?" అని ఎవరైనా అడిగితే, అరవకండి. తీర్మానం చూపించండి. అటవీ శాఖ వాళ్లు అభ్యంతరం చెబితే రాతలో చెప్పమనండి.

ఇది చదువుతున్న మైదాన ప్రాంత స్నేహితులకి కూడా ఒక మాట. మీరు మంచివాళ్లే, మా పోరాటానికి షేర్ కొట్టేవాళ్లే. ఈ చలికాలం వస్తారు కదా, రండి. వచ్చే ముందు ఆ రిసార్టు ఎవరిదని అడగండి. గూడెం మనిషి ఇంట్లో ఉండండి, గూడెం మనిషి వండింది తినండి, బేరం ఆడకండి. ఫొటోకి ముందు పేరు అడగండి. తెచ్చిన చెత్త తీసుకుపోండి. మా పేరుతో ఇంకెవరైనా తప్పు చేస్తుంటే మీ కారులోంచే మందలించండి. మీ మాట మా మాటకంటే వాళ్లకి తొందరగా వినబడుతుంది. అది అన్యాయమే, అయినా ప్రస్తుతానికి వాడుకుందాం.

మంచి టూరిస్టు ఆకాశంలోంచి ఊడిపడడు. గట్టిగా నిలబడిన ఊరు అతన్ని తయారు చేస్తుంది. వలిసె చేను గట్టు మీద నిలబడ్డ ఆ రైతు ఒక తాడు ముక్కతో "అండీ" అనిపించాడు. మన చేతిలో రాజ్యాంగం ఉంది, పెసా ఉంది, అటవీ హక్కుల చట్టం ఉంది, 1/70 ఉంది. ఆ తాడు కంటే ఇవి గట్టివి.

వచ్చే గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి. మీ ఊరి తీర్మానం కింద కామెంట్లో పెట్టండి. పక్క ఊరివాళ్లు చూసి రాసుకుంటారు.

మావ నాటే మావ రాజ్!
జై ఆదివాసీ!